అంకె చేతికిస్తే అవగాహన అయిపోతుందా?

యాభై దాటిన ప్రతి మగవాడూ ఏటా పీఎస్ఏ రక్తపరీక్ష చేయించుకోవాలి, చేయించుకుంటే ప్రొస్టేట్ క్యాన్సర్ మొదట్లోనే దొరికిపోతుంది, మొదట్లో దొరికితే ప్రాణం దక్కుతుంది. ఆరోగ్య శిబిరాల వేదికల మీద, ల్యాబుల ప్యాకేజీ కరపత్రాల్లో, ఆదివారం సంచికల ఆరోగ్య పేజీల్లో ఈ మూడు ముక్కలూ ఎవరూ ఎదురడగని మాటలైపోయాయి. కొన్ని వందల రూపాయల పరీక్షకు అడ్డు చెప్పేదెవరు? ఈ వ్యాసం అడ్డు చెప్పడానికే. పీఎస్ఏ అనే పరీక్షతో నాకు తగువు లేదు. ఏ బాధా లేని మగవాళ్లను వరసలో నిలబెట్టి, తర్వాత ఏం జరుగుతుందో ఒక్క ముక్క చెప్పకుండా రక్తం తీసి, సాయంత్రానికి ఫోనుకు ఒక అంకె పంపి, దానికి అవగాహన అని పేరు పెట్టడంతోనే తగువు. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, కొల్లేటి లంకల్లో ఈ జబ్బు మనిషిని దెబ్బతీస్తున్న చోటు వేరే ఉంది. బాధ ఉన్నవాడు డాక్టరు దాకా రావడం లేదు, వచ్చినవాడికి పరీక్ష పూర్తిగా జరగడం లేదు, జబ్బు తేలినవాడికి వైద్యం చివరిదాకా సాగడం లేదు. శిబిరం ఈ మూడింటిలో దేన్నీ తాకదు.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. పీఎస్ఏ క్యాన్సర్ విడుదల చేసే విషం కాదు, ప్రొస్టేట్ గ్రంథి మామూలుగా తయారుచేసే ప్రోటీన్. వయసుతోపాటు గ్రంథి పెరిగినా అది పెరుగుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, మూత్రం ఆగిపోయి గొట్టం వేసినా పెరుగుతుంది. వానాకాలంలో కొల్లేరు పొంగి, ఏలూరు-కైకలూరు రోడ్డు నీళ్లలో మునిగిన రోజున, లంక గ్రామంలో డెబ్బై ఏళ్ల మనిషికి మూత్రం బిగుసుకుపోతే ఏమవుతుందో ఊహించండి. పొత్తికడుపు ఉబ్బి, చెమటలు పట్టి, ఎలాగోలా ఆసుపత్రికి చేరేసరికి ఒకటికి రెండు పూటలు గడుస్తాయి. గొట్టం వేసి మూత్రం తీస్తారు, ప్రాణం కుదుటపడుతుంది. ఆ గొట్టం ఇంకా ఉండగానే ‘ఎలాగూ రక్తం తీస్తున్నాం కదా’ అని పీఎస్ఏ కూడా రాస్తే ఇరవయ్యో ముప్పయ్యో రావచ్చు. రిపోర్టులో 4కు లోపు ఉండాలని అచ్చయి ఉంటుంది. ఇక ఆ ఇంట్లో అన్నం ముట్టేవాడుండడు. ఇన్‌ఫెక్షన్ తగ్గి, గొట్టం తీసి, ఐదారు వారాలు ఆగి చేస్తే అదే మనిషికి అదే పరీక్ష మామూలుగా రావచ్చు. దీనికి తిరకాసు కూడా ఉంది. మూత్రం ధార కోసం డ్యుటాస్టరైడ్, ఫినాస్టరైడ్ మాత్రలు నెలల తరబడి మింగుతున్నవాళ్లలో పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. కాగితం మీద 3 కనిపించి ‘నార్మల్’ అని సంబరపడే మనిషి అసలు లెక్క 6 అయి ఉండొచ్చు. ఏ మాత్ర మింగుతున్నావని అడగని శిబిరంలో ఒకడికి లేని భయం, మరొకడికి లేని ధైర్యం పంచిపెడుతున్నారు. 1970లోనే ఈ గ్రంథిలోని యాంటిజెన్‌ను గుర్తించినవారిలో ఒకరైన రిచర్డ్ ఆబ్లిన్, నలభై ఏళ్ల తర్వాత 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో ఈ పరీక్షను అందరికీ వాడటాన్ని ఏకిపారేస్తూ రాశారు.

పరీక్ష గురిలేనిదైనా ప్రాణాలు నిలబెడితే చాలదా అంటారు. న్యాయమైన ప్రశ్న. దీని మీద ప్రపంచంలో జరిగినన్ని పెద్ద అధ్యయనాలు మరే క్యాన్సర్ రక్తపరీక్ష మీదా జరిగి ఉండవు. ఐరోపాలో 8 దేశాల్లో 55 నుంచి 69 ఏళ్ల మధ్య మగవాళ్లు 1,62,000 మందిని రెండు వర్గాలు చేసి 23 ఏళ్లు గమనించి 2025లో లెక్క చెప్పారు. పరీక్షకు పిలిచిన వర్గంలో ప్రొస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. అంటే 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది, ఆ ఒక్క మరణం తప్పడానికి 12 మందికి అదనంగా క్యాన్సర్ అని తేల్చాల్సి వచ్చింది. మేలు ఉంది, దాచనక్కర్లేదు. అయితే అది పదేపదే పరీక్షించి, పాతికేళ్లు ఫైలు పోగొట్టకుండా వెంటపడే దేశాల్లో వచ్చిన మేలు. మన శిబిరాల్లాగా ఒక్కసారి పీఎస్ఏ చేసి వదిలేస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో చూశారు. నాలుగు లక్షల మందికి పైగా మగవాళ్లతో సాగిన ఆ అధ్యయనంలో 15 ఏళ్ల తర్వాత ఈ జబ్బుతో చనిపోయినవాళ్లు పిలిచిన వర్గంలో 0.69 శాతం, పిలవని వర్గంలో 0.78 శాతం. తేడా వెయ్యి మందికి ఒకరు కూడా లేరు. అదే బ్రిటన్‌లో పీఎస్ఏ ద్వారా దొరికిన, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు వర్గాలు చేసి, కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్ ఇచ్చి, కొందరిని కేవలం గమనిస్తూ వచ్చారు. 15 ఏళ్ల తర్వాత ఏ వర్గంలో చూసినా దాదాపు 97 శాతం మంది ఈ జబ్బుతో చనిపోలేదు. ఆపరేషన్ అయినవాళ్లలో మాత్రం ఏళ్లు గడిచాక కూడా ఐదుగురిలో ఒకరు అటూఇటుగా మూత్రం కారి ప్యాడ్ పెట్టుకునే స్థితిలో ఉన్నారు. అమెరికా నిపుణుల సంఘం 2012లో ఈ స్క్రీనింగ్ వద్దంది. 2018లో మాట సవరించుకుని, 55-69 ఏళ్లవాళ్లు లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడి సొంతంగా నిర్ణయించుకోవాలి, 70 దాటినవాళ్లకు అసలు వద్దు అంది. 2025 నవంబరులో బ్రిటన్ స్క్రీనింగ్ కమిటీ ముసాయిదా కూడా అందరికీ వద్దనే చెప్పింది, ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవాళ్లను మాత్రం మినహాయించింది. అంత డబ్బు, అన్ని యంత్రాలు ఉన్న దేశాలే తటపటాయిస్తుంటే మన వేదికల మీది వక్తలకు మాత్రం ఏ సందేహమూ లేదు.

‘విదేశాల సంగతి మనకెందుకు, మన దగ్గర ఆలస్యంగా దొరకబట్టే కదా ఇంతమంది పోతున్నారు’ అని ఒక లెక్క చూపిస్తారు. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి దాదాపు 34,500 మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చింది, 16,800 మంది దాకా చనిపోయారు. అంటే సగం. ప్రపంచం మొత్తం మీద 14 లక్షల కేసులకు 3,75,000 మరణాలు, అంటే పావు వంతు. కాబట్టి మనమూ పరీక్షలు పెంచితే సగం కాస్తా పావు అవుతుందట. అవుతుంది, నిజమే. ఎలా అవుతుందో చూడండి. ఒక మండలంలో 20 మందికి జబ్బు బయటపడి 10 మంది చనిపోయారనుకుందాం, అది సగం. ఇప్పుడు ఊరూరా పీఎస్ఏ చేసి, బతికున్నంత కాలం ఏ హానీ చేయని గడ్డలు మరో 20 పైకి తెచ్చామనుకుందాం. 40లో 10, పావు వంతు. పాంప్లెట్‌లో వేసుకోవడానికి బ్రహ్మాండమైన ప్రగతి. శ్మశానానికి వెళ్లింది మాత్రం అదే పదిమంది. డెబ్బై దాటి వేరే కారణాలతో పోయినవాళ్లకు శవపరీక్ష చేస్తే మూడో వంతుకు పైగా మందిలో వాళ్లకే తెలియని ప్రొస్టేట్ క్యాన్సర్ కనిపిస్తుంది. వెతికేకొద్దీ దొరికే జబ్బు ఇది. అందుకే దొరికినవాళ్ల సంఖ్యను బట్టి, దొరికాక ఎన్నేళ్లు బతికారన్నదాన్ని బట్టి మేలును కొలవకూడదు. 75వ ఏట చనిపోయే మనిషికి 72వ ఏట నడుం నొప్పితో జబ్బు తేలితే మూడేళ్లు బతికాడంటాం, 65వ ఏట పీఎస్ఏతో తేలితే పదేళ్లు బతికించామంటాం. చనిపోయిన తేదీ మారకపోతే ఆ ఏడేళ్లలో అతనికి అదనంగా దక్కింది క్యాన్సర్ రోగి అన్న పేరొక్కటే.

ఇక్కడే బైడెన్ పేరు వస్తుంది. 2025 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడికి 82 ఏళ్ల వయసులో ఎముకలకు పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్ తేలింది, జబ్బు ఉధృతిని చెప్పే గ్లీసన్ స్కోరు 9. ఆయన చివరి పీఎస్ఏ 2014లో చేసిందని ఆయన కార్యాలయమే చెప్పింది. చూశారా, పరీక్ష మానేస్తే ఏమైందో అని మన వైపు కూడా వాట్సాప్‌లో తిరిగింది. ఏడాదికోసారి చేసి ఉంటే ముందే తేలేదేమో, కాదనలేం. అయితే డెబ్బై దాటిన కోట్లాది మందిలో ఒక్కరికి ఇలా జరిగిందని మిగతా అందరికీ సూది గుచ్చితే, ఆ ఒక్కరి పక్కన ఎందరు అనవసర బయాప్సీల పాలవుతారో ఎవరూ లెక్కకట్టరు. బయాప్సీ అంటే చిన్న మాట కాదు. మలద్వారం గుండా సూది పంపి పది పన్నెండు చోట్ల ముక్కలు తీస్తారు. తర్వాత రక్తం పడొచ్చు, జ్వరం రావచ్చు, కొందరికి ఇన్‌ఫెక్షన్ ఒంటికంతా పాకి ఐసీయూ దాకా వెళ్లాల్సి వస్తుంది. ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్ మింగే అలవాటున్న మన దగ్గర మందులకు లొంగని సూక్ష్మజీవులు ఎక్కువ కాబట్టి ఆ ప్రమాదం ఇంకాస్త పెద్దది. ఇప్పుడు ఎంఆర్ఐ చేసి అనుమానం ఉన్న చోటే ముక్క తీసే పద్ధతి వచ్చింది, అనవసరపు బయాప్సీలు చాలా తగ్గాయి. మంచిదే. మరి తాడేపల్లిగూడెం శిబిరంలో పీఎస్ఏ 5 వచ్చిన మనిషికి ప్రొస్టేట్ ఎంఆర్ఐ చదవడం వచ్చిన రేడియాలజిస్టు ఎక్కడ, ఎన్నాళ్లకు, ఎవరి ఖర్చుతో దొరుకుతాడో శిబిరం పెట్టినవాళ్లు ముందే చెప్పారా?

‘ఆడవాళ్లకు పరీక్షలున్నాయి, మగవాళ్ల గోడు పట్టదా’ అనే వాదన కూడా ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో మొదలైన ఇంటింటి క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారానికి పరిమితం. ప్రొస్టేట్‌ను చేర్చలేదని చిన్నబుచ్చుకునేవాళ్లు ఆ జాబితాలో మొదటిది ఎవరి జబ్బో చూడాలి. 2020 లెక్కల్లో భారతీయ మగవాళ్లకు నోటి క్యాన్సర్ లక్షకు పైగా, ప్రొస్టేట్‌కు మూడింతలు. చుట్ట, ఖైనీ, గుట్కా తెచ్చిపెట్టే ఆ పుండు టార్చిలైటుతో నోరు తెరిపించి చూస్తే కనిపిస్తుంది. ఇంటింటికీ వెళ్లే వైద్యం అంటే ఈ డెల్టాకు కొత్త కాదు. బోదకాలు మాత్రలు ఏటా గడప గడపకూ పంచి, ఎదురుగా మింగించిన ప్రాంతం ఇది. ఆ డీఈసీ మాత్ర అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషితో వచ్చింది. ఆ మాత్ర అందరికీ పంచడం ఎందుకు సరైంది? మింగిన ప్రతివాడూ దోమ ద్వారా పక్కవాడికి అంటించే అవకాశం తగ్గుతుంది, ముందు పరీక్ష అక్కర్లేదు, మింగాక వెనక తోక లేదు. ప్రొస్టేట్‌కు ఈ మూడూ వర్తించవు. అందరికీ ఒకే మందు అన్న సూత్రం ఒకచోట నెగ్గిందని ఇంకోచోటికి మోసుకెళ్లలేం.

ఇంకో భయం కూడా ఈ పరీక్షల అమ్మకానికి అక్కరకొస్తోంది. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయినప్పుడు రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు, నీళ్లలో పురుగుమందుల మాటా వచ్చింది. అప్పటినుంచి కొల్లేటి నీరు, చేపల చెరువుల మందులు, సకల క్యాన్సర్లు ఒకే వాక్యంలో వినిపిస్తున్నాయి. కొన్ని పురుగుమందులకూ ప్రొస్టేట్ క్యాన్సర్‌కూ సంబంధం మీద విదేశాల్లో రైతుల మధ్య పరిశోధన సాగుతోంది. నీళ్లలో విషముందని అనుమానం ఉంటే నీళ్లు పరీక్షించాలి, తాగునీరు శుభ్రం చేయాలి. తాగేవాడి రక్తంలో పీఎస్ఏ చూసినంత మాత్రాన కాలువలో మందు తగ్గదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తప్పించుకోకూడదు. ‘లక్షణాలు ఉన్నవాళ్లనే చూడమంటున్నారు, కానీ నయమయ్యే దశలో ఈ జబ్బుకు లక్షణాలే ఉండవు. మూత్రం ఇబ్బంది చాలావరకు వయసుతో వచ్చే గ్రంథి వాపు వల్లే. మీ దారిలో వెళితే ముదిరినవాళ్లే దొరుకుతారు.’ ఈ మాటలో ప్రతి ముక్కా నిజం. అయితే ముదిరిన జబ్బు అంటే ఒకటే మెట్టు అనుకోవడంలో పొరపాటుంది. నడుం నొప్పితో నడిచివచ్చిన మనిషికీ, అదే నొప్పికి ఊళ్లో నాలుగు నెలలు ఇంజక్షన్లు వేయించుకుని, కాళ్లు చచ్చుబడ్డాక మంచం మీద వచ్చిన మనిషికీ మధ్య ఏళ్ల దూరం ఉంది. ప్రొస్టేట్ క్యాన్సర్ మొదట పాకేది ఎముకలకు, అందులోనూ వెన్నుపూసకు. అరవై దాటినవాడికి కొత్తగా మొదలై, పడుకున్నా తగ్గని, రాత్రిపూట లేపే నడుం నొప్పిని ‘మడి పని, వాతం’ అని సరిపెట్టడమే ఇక్కడ అసలు ఆలస్యం. చేపల చెరువు గట్టు మీద మకాంలో కాపలా పడుకునే మనిషి రాత్రికి ఆరుసార్లు లేచినా అది ఎవరికీ జబ్బుగా తోచదు, ఎలాగూ మెలకువగా ఉండాల్సినవాడే కదా. వరిబీజాన్ని పంచె మాటున ఏళ్ల తరబడి మోసిన మగవాళ్ల సీమ ఇది. మూత్రంలో రక్తం చూసిన సంగతి భార్యకు కూడా చెప్పని మొగాడు శిబిరంలో మైకు వింటే బయటకొస్తాడా? శిబిరానికి వచ్చి రక్తం ఇచ్చేది ఎలాగూ ఏటా షుగరు, బీపీ చూపించుకునే పట్టణపు పెన్షనరు. రావాల్సినవాడు గట్టు మీదే ఉన్నాడు.

అతను ఎలాగో డాక్టరు దగ్గరికి వచ్చాడే అనుకుందాం. అక్కడ జరగాల్సిన మొదటి పరీక్షకు యంత్రం అక్కర్లేదు, గ్లవ్ వేసుకున్న వేలు చాలు. మలద్వారం గుండా తడిమితే మామూలు గ్రంథి ముక్కు కొనలా మెత్తగా తగులుతుంది, క్యాన్సర్ పట్టినది నుదుటి ఎముకలా గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. లక్షణం లేనివాళ్లందరికీ ఇది చేయమని ఎవరూ అనరు. కానీ మూత్రం ఇబ్బందితో, ఎముకల నొప్పితో వచ్చిన ముసలాయనకు కూడా చేయకుండా ‘పీఎస్ఏ చేయించుకురండి’ అని చీటీ రాసి పంపడం రివాజైపోయింది. రోగి సిగ్గుపడతాడని డాక్టరు, డాక్టరు అడగలేదు కదా అని రోగి. పీఎస్ఏ వచ్చాక ఒక మంచి అలవాటు చెడిందని చెప్పాల్సి వస్తే, ఈ రెండు నిమిషాల పరీక్ష పేరే చెబుతాను. ఇలాంటి రోగికే పీఎస్ఏ అసలు ఉపయోగపడేది. ఎముకల నొప్పితో వచ్చినవాడికి అది వందల్లోకి పోతే ఇక అనుమానం అక్కర్లేదు. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చినవాళ్లు యాభైకి ముందే డాక్టరుతో మాట్లాడి చేయించుకోవడంలోనూ అర్థముంది, వాళ్లకు ముప్పు రెట్టింపు. యాభై అయిదు దాటిన ఆరోగ్యవంతుడు లాభనష్టాలు విని, తర్వాతి మెట్లు ఎక్కే ఓపిక ఉండి కావాలంటే అతని ఇష్టం. డెబ్బై అయిదేళ్ల పెద్దాయన ప్యాకేజీలో మాత్రం దాన్ని కొట్టేయాలి.

వైద్యం దగ్గరికి వస్తే మన శిబిరాల వక్తలు మౌనం వహిస్తారు, ఎందుకంటే అక్కడ కరపత్రం చాలదు. పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్‌ను లొంగదీయవచ్చని చార్లెస్ హగిన్స్ 1941లోనే చూపించారు, ఆ పనికే 1966లో నోబెల్ వచ్చింది. మగ హార్మోను ఆపితే గడ్డ ముడుచుకుంటుంది. దానికి అప్పటి దారి వృషణాలు తీసేయడం, ఇప్పటికీ అది చౌకైన, పక్కా దారి. ఒక్కసారి చేసే చిన్న ఆపరేషన్, జిల్లా ఆసుపత్రి స్థాయిలో సర్జన్ చేయగలిగింది. నెలకో మూడు నెలలకో సూది మందు కూడా ఉంది, పని అదే, కానీ ఖర్చు జీవితాంతం. కైకలూరు నుంచి ప్రతి మూడు నెలలకూ విజయవాడ వెళ్లి సూది వేయించుకునే స్తోమత లేనివాడు రెండో సూదికే మానేస్తాడు, మానేసిన నెలల్లో జబ్బు తిరగబడుతుంది. మగతనం పోతుందన్న భయంతో ఆపరేషన్ వద్దనే మనిషికి, సూది కూడా అదే హార్మోనును ఆపుతుందని కూర్చోబెట్టి చెప్పేవాళ్లు కావాలి. అవగాహన అనే మాటకు నిజమైన పని అక్కడుంది. పైన అబిరాటెరాన్ మాత్ర కలిస్తే బతుకు మరింత పొడుగవుతుందని 2017లో రెండు పెద్ద అధ్యయనాలు తేల్చాయి. ఖాళీ కడుపున 1,000 మిల్లీగ్రాములు మింగే బదులు కొద్దిపాటి టిఫినుతో 250 మిల్లీగ్రాములు మింగినా పీఎస్ఏ తగ్గడంలో తేడా లేదని 2018లో ఒక చిన్న అధ్యయనం చూపింది, డాక్టరు ఒప్పుకుంటే ఖర్చు నాలుగో వంతు. ఏలూరులో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, మల్కాపురంలో అంతకుముందు నుంచే ఆశ్రం ఆసుపత్రి ఉంది, రేడియేషన్‌కు గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది, ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ వైద్యం ఉంది. ఏ మెట్టుకు ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితం పట్టుకెళ్లాలో లంక గ్రామం ఆశా కార్యకర్తకు తెలియాలి. అరవై దాటిన మగవాణ్ణి ఆమెతోపాటు వెళ్లే ఆరోగ్య సిబ్బంది మూడు ప్రశ్నలు అడిగితే చాలు: మూత్రంలో రక్తం పడిందా, ధార ఆగి ఆగి వస్తోందా, రాత్రి లేపే నడుం నొప్పి కొత్తగా మొదలైందా. శిబిరానికి పెట్టే ఫ్లెక్సీల ఖర్చుతో ఈ ప్రశ్నలు, ఆ ఆసుపత్రుల దారి ఒకే చీటీ మీద అచ్చేసి, చేపలు పట్టే రోజున చెరువుల గట్ల మీద పంచవచ్చు.